యాభై రెండు మిల్లీమీటర్లు

హోర్నా లూచ్కా
26 ఆగస్టు 1984

తుపాకుల మేస్త్రి ఇగ్నాట్స్ హోలెట్స్ గారికి, నమస్కారం.

మార్చి మూడో తేదీ శనివారం నా భార్య ఒటీలియా ఏడింటికి లేచింది. అర గ్లాసు పాలు తాగింది. పదింటికి తన తుపాకీ తెమ్మంది. మంచం మీదే ఒళ్లో పెట్టుకుని, బోల్టు తీసి, గొట్టంలోంచి కిటికీ వైపు చూసి "దుమ్ము" అంది. నేను తుడుస్తానన్నాను. "నువ్వు ముట్టుకోకు" అంది. రెండింటికి నిద్రపోయింది. నాలుగూ ఇరవైకి పోయింది. మంగళవారం అంత్యక్రియలు. బుధవారం నేను తుపాకీ ముట్టుకున్నాను.

మరలు విప్పి, చెక్క నుంచి ఇనుము వేరుచేసి, అంతా తుడిచి, మళ్లీ బిగించాను. అప్పటి నుంచి అది సరిగ్గా కాల్చడం లేదు. మీకు ఈ సంగతులు రాయడం ఎందుకంటే, రోగం ఎప్పుడు మొదలైందో వైద్యుడికి చెప్పాలి కనుక.

ఆధారాలు: ఆమె సొరుగులో తొమ్మిది గురి అట్టలు ఉన్నాయి. 1971 నుంచి 1978 వరకు. ప్రతి అట్ట మీద మూడు గుళ్ల రంధ్రాలు ఒక్క ఐదు క్రౌన్ల నాణెం కింద దాగిపోతాయి. అంటే ఇరవై ఆరు మిల్లీమీటర్లు. పోయిన ఆదివారం నేను మన గురి మైదానంలో, ఇసుక సంచి మీద తుపాకీ ఆనించి, అదే రకం తూటాలతో కాల్చాను. వంద మీటర్ల దగ్గర యాభై రెండు మిల్లీమీటర్లు. ఐదుసార్లు కాల్చినా అంతే.

ఈ ఏడాది ఆమెకు రావలసిన మగజింక వేట అనుమతి చీటీని వేట సంఘం నా పేర మార్చింది. ఆ జింక మీకు తెలుసు. ఎడమ కొమ్ము మెలిక తిరిగినది. మూడేళ్లు ఆమె దాని వెంట తిరిగింది. గడువు సెప్టెంబరు ముప్పై. నేను వాడకపోతే వచ్చే ఏడాది చీటీ పళ్ల డాక్టరు శిమ్కో గారిది. ఆయన ఆ కొమ్ములు తన వెయిటింగ్ గదిలో తగిలిస్తారు.

మూడు గుళ్లు నాణెం కింద ఇమడని తుపాకీని ప్రాణి మీదికి ఎత్తకూడదని ఒటీలియా నియమం. కనుక తుపాకీ మళ్లీ ఆమె చేతిలో ఉన్నట్టు కాల్చేదాకా నేను అడవికి వెళ్లను. మీ దుకాణం మూసి ఉంది. తుంటి ఆపరేషన్ తర్వాత మీరు ఆరు వారాలు బురద స్నానాల వైద్యశాలలో ఉంటారని మీ భార్య హెర్మీనా గారు చెప్పారు. ఏం చేయాలో రాయండి. నేను చేస్తాను.

ఇట్లు,
విన్సెంట్ మురాన్

తా.క. చిరునామాతో పాటు హెర్మీనా గారు ఒక గిన్నె బీన్స్ చారు కూడా ఇచ్చారు. నేను అడగలేదు.


బురద వైద్యశాల, మూడో అంతస్తు, 14వ గది
30 ఆగస్టు

పంతులుగారికి నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, తుంటి తప్ప.

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి నన్ను మెడదాకా బురదలో పూడ్చిపెడతారండీ. తొమ్మిదింటికి తవ్వి తీస్తారు. మధ్యలో ముక్కు దురద పెడితే దేవుడే దిక్కు. అలాంటి వేళ మీ ఉత్తరం అందింది. నర్సు చదివి వినిపించింది. మొదటి పేరాకే ఏడుపు మొదలెట్టింది. ముక్కు తుడవమని నేనెలా అడగను?

ఒటీలియా గారు పోయినందుకు నాకూ బాధే. సరే, పని మాట్లాడుకుందాం.

ముందుగా ఒక మాట. యాభై రెండు మిల్లీమీటర్లు మంచి గురేనండీ! మన సంఘం అధ్యక్షుడికి మూడు గుళ్లూ ఒకే అట్ట మీద పడితే ఆ వారమంతా ఊళ్లో అదే కబురు. జింక గుండె పిడికిలంత ఉంటుంది. మీరు హాయిగా వెళ్లొచ్చు. కానీ మీరు వెళ్లరు. నాకు తెలుసు. లెక్కల పంతులు. నా కూతురి కాగితంలో అర మార్కు కోసేసినవారు మీరే.

అయితే వినండి. ఇనుముని చెక్కకి పట్టి ఉంచేవి రెండు మరలు. ముందుది గట్టిగా బిగించండి. వెనకది మామూలుగా చాలు. రెండూ పీక పిసికినట్టు బిగిస్తే ఇనుము విల్లులా వంగుతుంది.

రెండోది ట్రిగ్గర్. అది బరువుగా ఉంటే వేలికి బదులు భుజమంతా లాగుతుంది, గురి పక్కకి పోతుంది. ఎంత బరువో కొలవండి. తుపాకీ ఖాళీగా ఉందని మూడుసార్లు చూసుకోండి. నిటారుగా నిలబెట్టి, ట్రిగ్గర్‌కి పాల డబ్బా వేలాడదీసి, చెంబుతో నీళ్లు పోస్తూ ఉండండి. టక్కుమనగానే ఆపండి. ఆ నీళ్లు తూచండి. రెండు కిలోలు దాటితే లోపలి చిన్న మరని పావుచుట్టు, పావుచుట్టు తిప్పుతూ ఒకటిన్నర దాకా తెచ్చి ఆపండి. అంతకన్నా దించవద్దు.

మూడోది మీ వేలు. రోజూ ఖాళీ తుపాకీ గొట్టం మీద నాణెం నిలబెట్టి యాభైసార్లు టక్కుమనిపించండి. నాణెం పడకూడదు.

మీ
ఇగ్నాట్స్

తా.క. ఇక్కడ శనివారాలు డాన్సు. కొత్త తుంటివాణ్ణి నన్నెవరు పిలుస్తారనుకున్నాను. తీరా చూస్తే హాల్లో పాత తుంటివాళ్లు ఒక్కరూ లేరు.


హోర్నా లూచ్కా
4 సెప్టెంబరు

మేస్త్రిగారికి, నమస్కారం.

మరలు మీరు చెప్పినట్టే బిగించాను. ట్రిగ్గర్ మూడుసార్లు కొలిచాను. సగటు 2,340 గ్రాములు. ఇప్పుడు 1,500. రోజూ సాయంత్రం ఏడింటికి వంటగదిలో యాభైసార్లు అభ్యాసం. మొదటి రోజు నాణెం ముప్పై ఒక్కసారి పడింది. నిన్న నాలుగుసార్లు.

ఆదివారం కాల్చాను. నలభై ఏడు మిల్లీమీటర్లు. మెరుగే. చాలదు.

అభ్యాసానికి ఒక ఆటంకం ఉంది. పక్కింటి మార్గిటా. ఎన్నో టక్కు దగ్గరో తెలియదు గాని, రోజూ చారు గిన్నెతో వచ్చేస్తుంది. తలుపు తట్టదు. సరాసరి లోపలికి వచ్చి "ఏం చేస్తున్నారు పంతులుగారూ?" అంటుంది. "వేలికి శిక్షణ ఇస్తున్నాను" అంటాను. కూర్చుంటుంది. నేను చారు తాగేదాకా కదలదు. వెళ్లేటప్పుడు వంటగది కిటికీ కర్టెన్ తెరిచి పెట్టమంటుంది. ఎందుకో చెప్పదు.

మీరు తొందరగా జవాబు రాయాలి. ఇల్లంతా సర్దేశాను. ఒటీలియా కోట్లు చర్చికి ఇచ్చేశాను. కోళ్లను మార్గిటాకి ఇచ్చేశాను. నల్ల సూటు దర్జీ దగ్గర సరిచేయించాను. మిగిలింది ఈ ఒక్క పనే. ముప్పయ్యో తేదీ లోపు తేలిపోవాలి. ఆ తర్వాత నాకు తుపాకీతో అవసరం ఉండదు.

ఇట్లు,
విన్సెంట్ మురాన్

తా.క. ఇంట్లో నావి కాని గిన్నెలు ఐదు చేరాయి. మూత లేనిది ఎవరిదో మీ భార్యను అడగండి.


బురద వైద్యశాల
8 సెప్టెంబరు

ప్రియమైన పంతులుగారూ, ఎలా ఉన్నారు? భోంచేస్తున్నారా? నిద్ర పడుతోందా?

ఈ తుపాకీ పనికి ఇంత తొందరేముందండీ! మంచి పని నిదానంగా సాగాలి. ట్రిగ్గర్ అయింది కదా, ఇప్పుడు అసలు పని. కుదురు వేయాలి. కుండకి కుదురు ఉన్నట్టే తుపాకీ ఇనుముకీ చెక్కలో కుదురు ఉండాలి. పాత చెక్క ఎండుతుంది, ఉబ్బుతుంది, లోపల సందు పడుతుంది. కాల్చినప్పుడల్లా ఇనుము వేరే చోట కూర్చుంటుంది. అందుకని ఆ సందులో రెండు డబ్బాల జిగురు కలిపి పోసి, ఇనుమునే అచ్చుగా చేసి గట్టిపరచాలి.

ముందు చెక్క లోపలి భాగం రెండు మిల్లీమీటర్ల లోతు గీకండి. రోజుకి అర మిల్లీమీటరు మించవద్దు. తర్వాత ఇనుముకి బూటు పాలిష్ దట్టంగా పట్టించండి. ఇది మాత్రం మరవకండి. పాలిష్ లేకపోతే ఇనుమూ చెక్కా అతుక్కుపోతాయి. ఇక వాళ్లని విడదీయడం ఏ కోర్టు వల్లా కాదు. ఆపైన జిగురు పోసి, ఇనుము కూర్చోబెట్టి, పది రోజులు కదల్చకుండా ఉంచండి. పది రోజులు! తుపాకీ వంక చూడను కూడా చూడొద్దు. మా మేనత్త ఇంటికో, ఎక్కడికో వెళ్లి రండి. మా మేనత్త మంచిది. మాట్లాడుతూనే ఉంటుంది.

ఇంకొకటి. తుపాకీ బోల్టు నాకు పోస్టులో పంపండి. నేను స్వయంగా చూడాలి. అత్యవసరం. రేపే పంపండి.

మీ స్నేహితుడు
ఇగ్నాట్స్

తా.క. మీకు చేపలు పట్టడం ఇష్టమేనా? వచ్చే వసంతంలో మా తోటలో ఆపిల్ చెట్లకి అంట్లు కట్టాలి. మీరు లేకపోతే అవదు. తప్పక వస్తానని మాటిచ్చి రాయండి.


హోర్నా లూచ్కా
12 సెప్టెంబరు

మేస్త్రిగారికి, నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి కోపం వచ్చింది.

జిగురు డబ్బా మీద "ఇరవై నాలుగు గంటల్లో పూర్తిగా గట్టిపడును" అని అచ్చువేసి ఉంది. మీరు పది రోజులంటారు. చెక్క మెత్తటిది, గంటలో రెండు మిల్లీమీటర్లు గీకాను. మీరు నాలుగు రోజులంటారు. కాల్చే తుపాకీ గురి తప్పితే బోల్టు పోస్టులో పంపమంటారు. తలుపు కిర్రుమంటోందంటే గొళ్లెం ఊడదీసి పంపమన్నట్టుంది. పంపను.

కుదురు వేశాను. ఆ సంగతి వినండి. ఇనుముకి బూటు పాలిష్ పట్టించి, జిగురు కలిపి, సగం పోశానో లేదో మార్గిటా వెల్లుల్లి చారుతో వచ్చింది. బల్ల మీద తుపాకీ ముక్కలుగా, నా చేతులకి నల్ల పాలిష్, ముక్కు పగిలే జిగురు వాసన చూసి "యేసు, మరియా!" అని కిటికీలన్నీ తెరిచింది. గిన్నె బల్ల మీద పెట్టింది. జిగురు ఒలికిన చోట పెట్టింది. మర్నాటికి తుపాకీ కుదురు బాగా వచ్చింది. మార్గిటా గిన్నె కుదురు ఇంకా బాగా వచ్చింది. అది ఇప్పుడు బల్లలో భాగం. చారు అందులోనే తాగుతున్నాను.

నిన్న కాల్చాను. నలభై ఒకటి.

శనివారం పళ్ల డాక్టరు శిమ్కో వచ్చారు. ఎన్నడూ మా గడప తొక్కని మనిషి. గంటసేపు కూర్చున్నారు. "పంతులుగారూ, నిద్ర పడుతోందా?" అన్నారు.

"పడుతోంది. మీకు?" అన్నాను.

"తుపాకీ కొన్నాళ్లు మా ఇంటి ఇనుప బీరువాలో ఉంచితే మీకు నిశ్చింత కదా" అన్నారు.

"నాకు నిశ్చింతగానే ఉంది. చీటీ గడువు ముప్పై దాకా నాదే" అన్నాను.

పాపం ముఖం ఎర్రబడింది. పట్టుబడ్డాడు. పోతూ పోతూ నా దంతాలన్నీ ఉచితంగా చూస్తానన్నాడు. ఒక జింక కొమ్ముల కోసం మనిషి ఇంత దిగజారతాడా?

ఇంకా పదిహేను మిల్లీమీటర్లు తగ్గాలి. దయచేసి తుపాకీ గురించి మాత్రమే రాయండి.

ఇట్లు,
విన్సెంట్ మురాన్

తా.క. చేపలంటే ఇష్టం లేదు. వసంతం గురించి మాట ఇవ్వలేను.


బురద వైద్యశాల
15 సెప్టెంబరు

పంతులూ!

"గారు" తీసేశాను. కోపం వస్తే రానీ. నాకు నీకన్నా తొమ్మిదేళ్లు ఎక్కువ, చెప్పే హక్కు ఉంది.

డొంకతిరుగుడు నాకిక చేతకాదు. పది రోజులన్నది అబద్ధం. రోజుకి అర మిల్లీమీటరన్నదీ అబద్ధం. మా మేనత్త పోయి ఆరేళ్లయింది. బోల్టు ఎందుకు అడిగానో నీకు తెలియదా? అది నా దగ్గరుంటే ఆ తుపాకీ ఉత్త ఇనప కర్ర. అందుకు!

హెర్మీనా అంతా రాసింది. ఊరు ఊరంతా అదే అనుకుంటోంది. పెళ్లాం పోయిన మనిషి, ఒంటరిగా, ఇల్లంతా సర్దేసి, ఆమె కోట్లు పంచేసి, కోళ్లు ఇచ్చేసి, నల్ల సూటు కుట్టించుకుని, రోజూ సాయంత్రం వంటగదిలో తుపాకీ పట్టుకుని టక్కు టక్కుమనిపిస్తున్నాడు. పైగా "ముప్పయ్యో తేదీ తర్వాత అవసరం ఉండదు" అని నాకు ఉత్తరం! వసంతం గురించి మాట ఇవ్వలేడట! జింక వేట అంటావా? ఇరవై ఆరేళ్లు పెళ్లాం వెనక సంచి మోశావు గాని, ఒక్క కుందేలునైనా కొట్టావా?

మార్గిటా రోజూ గోడకి చెవి ఆనించి లెక్కపెడుతుందట. యాభై టక్కులు వినబడితే జపమాల తిప్పుకుని పడుకుంటుంది. మధ్యలో కాస్త ఆగిందంటే చారు పట్టుకుని పరుగో పరుగు. అర్థమైందా ఆ గిన్నెల సంగతి? డాక్టరుకి కొమ్ములు కావాలని కాదయ్యా, నువ్వు కావాలి.

నా మొదటి భార్య పోయినప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. ఆ శీతాకాలం మా నాన్న నా దుకాణం తాళం తన మెడలో వేసుకుని తిరిగాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఏప్రిల్లో ఇచ్చేశాడు.

నలభై ఏళ్లలో ఎన్ని తుపాకులు బాగుచేశానో లెక్క లేదు. ఇది చేయను. ఇంక ఒక్క మిల్లీమీటరు కూడా నా వల్ల తగ్గదు.

ఇగ్నాట్స్

తా.క. బోల్టు పంపు. పోస్టు ఖర్చు నేనిస్తా.


హోర్నా లూచ్కా
18 సెప్టెంబరు

మేస్త్రిగారికి, నమస్కారం.

ఆ పని తలపెట్టినవాడు వంద మీటర్ల దగ్గర నలభై ఒక్క మిల్లీమీటర్లు చాలవని బాధపడడు.

ఈ ఒక్క వాక్యంతో ఉత్తరం ముగించాలనుకున్నాను. కానీ మీరు నమ్మకపోవచ్చు. కనుక వరసగా రాస్తున్నాను.

కోట్లకి చిమ్మెటలు పట్టాయి. కోళ్లు ఒటీలియావి, నన్ను చూస్తే పొడిచేవి. సూటు పెళ్లినాటిది, నడుము దగ్గర పట్టడం లేదు, ఆమె ఆత్మశాంతికి చర్చిలో పూజ అక్టోబరు ఏడున. వసంతం గురించి మాట ఇవ్వలేనన్నది ఎందుకంటే, పట్నం బడిలో లెక్కల టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్తోంది. జూన్ దాకా నేను పాఠం చెప్పాలి. ముప్పై తర్వాత తుపాకీతో అవసరం లేదన్నది, ముప్పై తర్వాత జింక వేట లేదు కనుక. పంచాంగంలో చూడండి. మీరు వేట తుపాకుల మేస్త్రి.

చావాలని లేదు. చాలా పని ఉంది. పదకొండు గిన్నెలు వాపసు ఇవ్వాలి, అందులో ఒకటి బల్లతో సహా.

ఆమె చివరి రోజున నాతో అన్న మాటల్లో తుపాకీ గురించినది ఒక్కటే. ముట్టుకోకు అంది. నేను ముట్టుకున్నాను. ఆమె తుడిచినప్పుడు ఇరవై ఆరు, నేను తుడిచాక యాభై రెండు. అది సరిచేయాలి. ఇంతే. ఇంతకు మించి దాని వెనక ఏమీ లేదు.

నిన్న సాయంత్రం గోడ మీద తట్టి "మార్గిటా, ఇవాళ అరవై" అని గట్టిగా చెప్పాను. అవతల ఏదో కింద పడింది. పది నిమిషాల్లో క్యాబేజీ చారు వచ్చింది. ఆమెకి మీకు రాసినట్టే వరసగా చెప్పాను. విని, కూర్చుని, చాలాసేపు ఏడ్చింది. తర్వాత నన్ను తిట్టింది. రెండు వారాలు గోడ పక్కన నిలబడి మెడ పట్టుకుపోయిందట.

మీకు కృతజ్ఞత చెప్పాలని తెలుసు. తర్వాత చెబుతాను. ప్రస్తుతం కోపంగా ఉంది.

ఇట్లు,
విన్సెంట్ మురాన్

తా.క. డాక్టరు శిమ్కో దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆయన ఆ అవకాశం వదులుకోలేదు. రెండు పళ్లు పూడ్చారు.


బురద వైద్యశాల
22 సెప్టెంబరు

పంతులుగారికి,

"గారు" మళ్లీ పెట్టాను. తలవంచుకుని పెట్టాను.

మీ మొదటి వాక్యం తలుచుకుని బురదలో ఎంత నవ్వానంటే అందులో చీలికలు వచ్చాయి. నర్సు పరుగెత్తుకొచ్చింది. పక్క తొట్లో ఉన్న రిటైర్డ్ కండక్టరుకి చెప్పాను. ఆయన తన తుంటి సంగతి మరిచి తొడ చరుచుకున్నాడు. ఇప్పుడు ఆయనకి మరో రెండు వారాలు.

సెప్టెంబరు ముప్పై! ఈ దేశంలో పాలు తాగే పసివాడికి కూడా తెలిసిన తేదీ. నాకు గుర్తు రాలేదు. భయం వేస్తే మనిషికి చేతివృత్తి కూడా మరుపుకొస్తుంది.

సరే. ఇప్పుడు అబద్ధాలు లేకుండా చెబుతున్నాను. మిగిలింది ఒకే ఒక్కటి. గొట్టానికీ చెక్కకీ మధ్య పది క్రౌన్ల నోటు దూర్చి, కుదురు దాకా లాగండి. ఎక్కడ ఆగితే అక్కడ చెక్క గొట్టాన్ని తాకుతోందన్నమాట. అక్కడ సన్నటి ఉప్పు కాగితంతో గీకండి. నోటు ఆగకుండా పోయేదాకా గీకండి. గొట్టం దేన్నీ తాకకూడదు. అంతకు మించి ఆ తుపాకీకి నేను కాదు కదా, ఎవరూ చేయగలిగింది లేదు.

ఒక మాట అడగొచ్చా? ఒటీలియా గారి అట్టలు నేనెప్పుడూ చూడలేదు. నేను మన ఊరు వచ్చిందే ఎనభైలో. వేట తుపాకీతో ఇరవై ఆరు మిల్లీమీటర్లంటే, అదీ తొమ్మిదిసార్లు వరసగా అంటే, నేను పుట్టి ఎరగను. మీరు తప్పు కొలిచారనను, నా అర మార్కు పోతుంది. కానీ ఈసారి మైదానానికి వెళ్లేటప్పుడు ఆ అట్టలు తీసుకెళ్లి అమాలియాకి చూపించండి. ముప్పై ఏళ్లుగా ఆ మైదానంలో జెండా ఊపుతున్నది ఆవిడే. ఎవరు ఏ అట్ట కాల్చారో, ఎవరి భుజం కందిందో అన్నీ చెబుతుంది.

మీ
ఇగ్నాట్స్

తా.క. హెర్మీనా మంగళవారం నన్ను చూడ్డానికి వస్తోంది. నేను మీకు రాసిన ఉత్తరాలు ఆమెకి చదివి వినిపించారని తెలిసింది. మొదటిదాని తా.క., ఆ డాన్సు ముక్క కూడా చదివారా?


హోర్నా లూచ్కా
29 సెప్టెంబరు, శనివారం

మేస్త్రి ఇగ్నాట్స్ గారికి, నమస్కారం.

చదివాను. మీరు చదవవద్దని రాయలేదు.

నోటు రెండు చోట్ల ఆగింది. గీకాను. ఇప్పుడు ఆగదు. ఈ రోజు పొద్దున్న మైదానానికి వెళ్లాను. మూడు గుళ్లు కాల్చాను. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. మళ్లీ కాల్చాను. ముప్పై ఎనిమిది. ఇక చేయడానికి ఏమీ లేదు, గడువు రేపు. బల్ల మీద తలవంచుకుని కూర్చున్నాను.

అమాలియా జెండా చంకలో పెట్టుకుని వచ్చింది. "ఏం నాయనా, ఇంత బాగా కాల్చి ఆ ముఖమేంటి?" అంది. ఒటీలియా అట్టలు ఆమె ముందు పరిచాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటి చూసింది.

"ఇవెక్కడివి? పాత మైదానంవి కదా!"

"పాత మైదానమేమిటి?"

"డెబ్బై తొమ్మిది దాకా మన మైదానం యాభై మీటర్లే నాయనా. ఆ అవతలంతా సహకార సంఘం వాళ్ల బీట్‌రూట్ చేను. చేను అటు జరిపాకే వంద చేశారు. నువ్వెప్పుడైనా వచ్చి చూస్తే కదా! పరీక్ష కాగితాలు దిద్దుకుంటానని ఇంట్లో కూర్చునేవాడివట."

"మరి డెబ్బై తొమ్మిది తర్వాతి అట్టలు ఏవి?"

"ఏవా? నా పొయ్యిలో! వంద మీటర్లు చేసిన మొదటి రోజే మీ ఆవిడ కాల్చింది. మూడు గుళ్ల మధ్య కోడిగుడ్డు పట్టేటంత జాగా. అట్టని నాలుగు మడతలు పెట్టి నా పొయ్యిలో పడేసి, 'పంతులికి చెప్పావంటే నీ జెండా కర్ర విరిచేస్తా' అంది. ప్రతి ఏడూ అదే తంతు. చివరి ఏడు కూడా."

అక్కడే పెన్సిల్ తీసి లెక్క వేశాను. యాభై మీటర్ల దగ్గర ఇరవై ఆరు అంటే వంద దగ్గర యాభై రెండు. ముప్పై ఐదేళ్లు ఏడో తరగతికి సరూప త్రిభుజాలు చెప్పాను. ఇది అందులో మొదటి లెక్క.

అంటే ఆగస్టులో, మనం మొదలుపెట్టక ముందు, తుపాకీ ఆమె వదిలి వెళ్లినట్టే ఉంది. నేను ఏమీ పాడుచేయలేదు. నెల రోజుల పని, పదకొండు గిన్నెల చారు, ఒక వంటగది బల్ల, రెండు పళ్లు, మీ అబద్ధాలు, మార్గిటా మెడ, అన్నీ లేని తప్పు కోసం. పైగా మనం దాన్ని బాగుచేశాం. ఇప్పుడది ఆమె చేతిలో ఎప్పుడూ కాల్చనంత బాగా కాలుస్తోంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో నేను ఆమెను మించిన పని ఇదొక్కటే. తెలిస్తే వారం రోజులు మాట్లాడేది కాదు.

ఇంటికి నడిచి వస్తుంటే ఇంకొకటి తట్టింది. అడవిలో ఎప్పుడూ ఆమె ఒక చోట నా భుజం మీద చెయ్యి వేసి ఆపేది. అక్కడి నుంచి ఒక్కతే ముందుకు వెళ్లేది. నేను చప్పుడు చేస్తానని అనుకునేవాణ్ణి. చేసేవాణ్ణే. కానీ అసలు సంగతి అది కాదు. ఆమెకు తన గురి ఎంతవరకో తెలుసు. అందుకని దూరం తగ్గించుకునేది. గంట పట్టినా, ఏమీ దొరక్కపోయినా. మెలికకొమ్ము జింకని మూడేళ్లు కొట్టకపోవడం కూడా అందుకే. అది ఎప్పుడూ అంత దగ్గరికి రానివ్వలేదు.

కోపం తగ్గింది. మీ నాన్నగారి తాళం సంగతి రెండుసార్లు చదివాను. కృతజ్ఞతలు. మీరు మంచి మేస్త్రి, చేతకాని అబద్ధాలకోరు. జూన్ తర్వాత అంట్లు కట్టడానికి చెట్లేమైనా మిగిలితే వస్తాను.

ఇట్లు,
మీ
విన్సెంట్

తా.క. రేపు ఉదయం నాలుగున్నరకి లేస్తాను. మంచె ఎక్కను, అది పచ్చిక బయలుకి నూట ఇరవై మీటర్ల దూరం. వాగు పక్క పొదల వెంట, బూట్లు విప్పి, యాభై మీటర్ల దాకా నడుస్తాను. ఆ దూరంలో మూడు గుళ్లూ నాణెం కింద ఇముడుతాయి. అక్కడ కూర్చుంటాను. జింక వచ్చి పక్కకి తిరిగి నిలబడితే, ఒక్కసారి కాలుస్తాను.